ఈలం పోరు (ప్రత్యేక దేశం కోసం శ్రీలంక తమిళుల పోరాటం): ఇండియా ఆయుధాలివ్వకపోతే అంత ముదిరేదా?

గట్టుమీద: 1983 జులైలో తమిళుల మీద జరిగిన అల్లర్ల తర్వాత మన గూఢచారి సంస్థ ‘రా’ అక్కడి తమిళ సాయుధ సంస్థలు టెలో, ఈరోస్, ఈపీఆర్‌ఎల్‌ఎఫ్‌లకూ, కాస్త ఆలస్యంగా ఎల్టీటీఈకీ తర్ఫీదిచ్చి తుపాకులిచ్చింది. లేకపోతే ఉత్తరాన తమిళుల ఊరు జాఫ్నాలో పోలీసుల మీద చెదురుమదురు కాల్పులతో ఆగేది.

సముద్రపుగాలి: 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్నారు. 70ల్లో తమిళ మీడియం పిల్లలకు యూనివర్సిటీ సీటుకు కటాఫ్ పెంచారు. 1981లో జాఫ్నా లైబ్రరీని, దాదాపు 97 వేల పుస్తకాలతో సహా, కాల్చేశారు. ఇందులో ఢిల్లీ చెయ్యేది? ఎల్టీటీఈ పుట్టిందే 1976లో.

గట్టుమీద: పుట్టడం వేరు, బలవడం వేరు.

అటుకులు: అన్ని గుంపులకెందుకు పంచినట్టు?

గట్టుమీద: ఒకడు మొండికేస్తే ఇంకొకణ్ణి ఎగదొయ్యడానికి. 1986లో ఆ లెక్క తప్పింది. టెలో నాయకుడు శ్రీ సబారత్నాన్ని చంపి, ఎల్టీటీఈ ఆ సంస్థనే తుడిచిపెట్టింది. తుపాకీ ఇచ్చి తూటాలు మన దగ్గరుంచుకుంటే పట్టు మనదే. తమిళనాడు ముఖ్యమంత్రి ఎంజీఆర్ డబ్బు, విదేశాల్లోని తమిళుల చందాలు, సొంత ఓడలు ఉన్నవాడు ఆ పట్టుకు ఎందుకు లొంగుతాడు?

సముద్రపుగాలి: ఓహో, ఆయుధాలిచ్చామని కాదన్నమాట మీ ఏడుపు, వాళ్ళు మాట వినలేదని!

గట్టుమీద: ఏడుపు గీడుపు అనకండి. 1987 అక్టోబరులో జాఫ్నా యూనివర్సిటీ ఫుట్‌బాల్ మైదానంలో 13 సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మంది హెలికాప్టర్లలో దిగారు. కాల్పుల ధాటికి తర్వాతి హెలికాప్టర్లు దిగలేదు. 29 మంది పోయారు, ఒకరు పట్టుబడ్డారు. కాల్చింది ఎవరు? మన క్యాంపుల్లో తుపాకీ పట్టడం నేర్చిన సంస్థే.

సముద్రపుగాలి: అసలు ఆ జవాన్లు అక్కడికెందుకు వెళ్ళారు? శాంతి కాపాడమని వాళ్ళను పంపిన జులై 29 భారత్-శ్రీలంక ఒప్పందం మీద సంతకాలు రాజీవ్‌వీ, లంక అధ్యక్షుడు జయవర్ధనేవీ. తమిళుల సంతకం ఒక్కటి చూపించండి! అంతకుముందు ఎల్టీటీఈ నాయకుడు ప్రభాకరన్‌ని ఢిల్లీ అశోకా హోటల్లో కాపలా పెట్టి కూర్చోబెట్టారు. అంతా చేసి తమిళులకు దక్కిందేమిటి? ఉత్తర, తూర్పు ప్రావిన్సుల తాత్కాలిక విలీనం. 2006లో అక్కడి సుప్రీంకోర్టు అదీ కొట్టేసింది.

గట్టుమీద: మన గడ్డ మీద క్యాంపులు కావాలి, మన మాట మాత్రం వద్దా? ఇచ్చినవాడికి అడిగే హక్కుండదా?

సముద్రపుగాలి: అడగొచ్చు. వాళ్ళ బదులు సంతకం పెట్టకూడదు. నా తగువంతా దాని గురించే. తుపాకుల లెక్క మీరే పట్టుకు వేలాడుతున్నారు.

అటుకులు: మన సైన్యాన్ని సాగనంపడానికి జయవర్ధనే తర్వాత అధ్యక్షుడైన ప్రేమదాస కూడా ఎల్టీటీఈకే ఆయుధాలిచ్చాడు. అదెవరి ఖాతాలో రాస్తారు?

గట్టుమీద: ఆయన సంగతి తర్వాత. సంతకం అంటున్నారుగా, 1985లో భూటాన్ రాజధాని థింపూలో లంక ప్రభుత్వంతో చర్చలకు తమిళ సంస్థలన్నిటినీ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. తమిళులు ఒక జాతి, వాళ్ళకో సొంత గడ్డ, స్వయంనిర్ణయ హక్కు, అందరికీ పౌరసత్వం అన్న తమ నాలుగు సూత్రాల నుంచి అంగుళమైనా కదిలారా?

సముద్రపుగాలి: కొలంబో కదిలిందా మరి?