ఇంటికో సంచి ముందా, వాడకో జాబితా ముందా?

కాలనీ సంఘం కార్యదర్శి, నల్గొండ

గణేశ్ ఉత్సవాల చందాలో మా కాలనీకి కొంత సొమ్ము మిగిలింది. దానితో ఇంటింటికీ ఒక అత్యవసర సంచి కొనివ్వాలని కొందరు, కాలనీ అంతటికీ పనికివచ్చే ఉమ్మడి ఏర్పాట్లకే ఖర్చు చేయాలని మరికొందరు పట్టుబడుతున్నారు. టార్చిలైటు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, వారానికి సరిపడా బీపీ, షుగరు మాత్రలు, ఆధార్, పాసుపుస్తకాల నకళ్లు సంచిలో ఉండాలన్నది ప్రతిపాదన. నా మొగ్గు సంచి వైపే. మీ అభిప్రాయాలను కారణాలతో సహా తెలియజేయగలరు.

విద్యుత్ శాఖ విశ్రాంత ఉద్యోగి, మిర్యాలగూడ

కార్యదర్శి గారి మాటే సరైనది. 2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన వానకు తెల్లవారేసరికి కోదాడ కాలనీలు నీట మునిగాయి. సెప్టెంబరు 1న నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అటువంటప్పుడు 112కు ఫోను కలిసినా, దారులు తెగిపోతే బండి వచ్చేదాకా ఎవరి ఇంటికి వారే దిక్కు. నీళ్లు గడప దాటకముందే మెయిన్ స్విచ్ ఆపాలని, నీళ్లలో నిలబడి దానిని ముట్టరాదని, తెగిపడిన తీగకు దూరంగా ఉండి 1912కు చెప్పాలని ఇంట్లో పిల్లలకు కూడా తెలిసి ఉండాలి. ఈ పనిని ఏ సంఘమూ మన బదులు చేయలేదు.

విశ్రాంత ఉపాధ్యాయురాలు, గద్వాల

మెయిన్ స్విచ్ విషయంలో మీతో నాకు పేచీ లేదు. కాని సంచి భుజాన వేసుకొని నడవగలిగిన మనిషి ప్రతి ఇంట్లోనూ ఉంటారన్న నమ్మకం మీద మీ వాదన నిలబడింది. పాలమూరు పల్లెల్లో ఆ నమ్మకం చెల్లదు. కొడుకులు, కోడళ్లు హైదరాబాదుకో ముంబయికో వలస పోగా, ఇంట్లో మిగిలేది ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిన చిన్నపిల్లలు. 2009లో వానలు లేక కరువు మాటే అందరి నోటా ఉన్న ఏట, అక్టోబరు మొదట్లో తుంగభద్ర, కృష్ణ రెండూ పొంగి, సుంకేసుల దగ్గరి రాజోలిని ముంచి, అలంపూర్ ప్రాంతాన్ని జలమయం చేశాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద చేరింది. అలాంటి రాత్రి మంచం దిగలేని అవ్వను ఎవరు ఎత్తుకొస్తారన్నది ముందే తేల్చుకోవలసిన ప్రశ్న, దానికి సంచిలో జవాబు లేదు.

అందువల్ల ముందు కావలసింది జాబితా. ఏ ఇంట్లో నెలలు నిండిన గర్భిణి ఉన్నారు, ఎవరు డయాలసిస్‌కు వెళుతున్నారు, ఎవరికి చెవులు వినపడక పంచాయతీ మైకు పనికిరాదు, ట్రాక్టరు ఎవరిది, బడి తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరు ఏ తలుపు తట్టాలి అన్నవి అందులో ఉండాలి. దీనికి ఒక నోటుబుక్కు చాలు కనుక చందా సొమ్ము మోకులకు, స్ట్రెచరుకు, బ్లీచింగ్ పౌడరుకు, కరెంటు లేకపోయినా పలికే బ్యాటరీ మైకుకు మిగులుతుంది. మన వైపు ఏటా వచ్చే ఆపద ఎండ అన్నది కూడా మరువరాదు. 2015 మే వడగాలులకు రాష్ట్రంలో వందల మంది చనిపోయారు. ఒంటరి ముసలాయన మధ్యాహ్నం నీళ్లు తాగాడా లేదా అని అడిగేది పక్కింటివారే. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కు ఫోను చేయాలి. స్పృహ తప్పినవారి నోట్లో నీళ్లు పోయరాదు.

మునుగోడు వాసి

జాబితా రాసేవారు ఎవరన్నదే నా అభ్యంతరం. అద్దె గదులవారి పేర్లు, ఇటుక బట్టీల్లో పనిచేసే పరాయి రాష్ట్రాల కుటుంబాల పేర్లు అందులోకి ఎక్కవు. మరొక విషయం, మిషన్ భగీరథ నల్లా ఆగిన రోజున మా వైపు మళ్లీ ఫ్లోరైడ్ బోరే గతి. మరిగించినా ఫ్లోరైడ్ పోదు.

విశ్రాంత ఉపాధ్యాయురాలు, గద్వాల

మీ మొదటి మాట నిజం. రాయడాన్ని ఆశా కార్యకర్తకూ మహిళా సంఘం సభ్యులకూ అప్పగించి, ఇంటి యజమాని పేరుతో కాకుండా తలుపు తలుపునూ లెక్కించమనాలి, బట్టీల గుడిసెలతో సహా. ఒంటరిగా ఎవరుంటున్నారో దొంగలకు తెలియకుండా ఆ పుస్తకం వాట్సాప్‌లో పెట్టకూడదు. నీటి విషయానికి వస్తే, ఫ్లోరైడ్ హాని ఏళ్ల తరబడి తాగితే వచ్చేది. వరద రోజుల్లో అంతకన్నా భయపడవలసింది క్రిములకు, అవి మరిగిస్తే చస్తాయి. మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున 3 రోజులకు సరిపడా మంచినీళ్లు ఇంట్లో నింపి ఉంచుకుంటే ఆ బోరు అవసరమే చాలావరకు తప్పుతుంది.

విద్యుత్ శాఖ విశ్రాంత ఉద్యోగి, మిర్యాలగూడ

అమ్మా, నాకు ఇంకా సందేహం తీరలేదు. అర్ధరాత్రి రెండు గంటలకు, జోరువానలో, తన ఇల్లు మునుగుతుండగా ఎవరైనా పక్కింటి తలుపు తట్టడానికి వెళతారా?

విశ్రాంత ఉపాధ్యాయురాలు, గద్వాల

తన ఇల్లు మునుగుతున్నవారు వెళ్లలేరు, ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే ఒక్కో తలుపుకు ఇద్దరి పేర్లు రాయాలి, వారిలో ఒకరు తప్పనిసరిగా మెరక మీది ఇంటివారై ఉండాలి. ఎండలు ముదరకముందు ఉగాదికి ఒకసారి, వానలకు ముందు మృగశిర కార్తెకు మరొకసారి ఆ ఇద్దరూ ఊళ్లోనే ఉన్నారో లేదో చూసి, వలస పోయినవారి పేరు కొట్టివేసి మరొకరిది రాయాలి.