అప్‌డేట్: అక్క కస్టడీ కేసు, సైకాలజిస్ట్ రిపోర్టు

పాప ఎవరి దగ్గర ఉండాలో సైకాలజిస్టే తేల్చేస్తారా అని అడిగాను కదా, బెంగళూరులో మా అక్క కేసు గురించి. తేల్చరండీ. ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984లోని 12వ సెక్షన్ కింద జడ్జి నిపుణుల సాయం తీసుకోవచ్చు. వాళ్లు చెప్పేది అభిప్రాయమే, తీర్పు జడ్జిదే.

పాపకి కన్నడ ఇంకా సరిగ్గా రాదు. అందుకే తెలుగు వచ్చినవాళ్లు కావాలని లాయరుతో అడిగించాం. మీరూ తప్పకుండా అడగండి. సైకాలజిస్టు పాపతోపాటు కిందే కూర్చుని క్రేయాన్లు ముందు పెట్టారట. "అమ్మ కావాలా, నాన్న కావాలా" అని ఒక్కసారీ అడగలేదట. స్కూలుకి ఎవరు తయారుచేస్తారు, రాత్రి భయమేస్తే ఎవర్ని పిలుస్తావు, ఇలాంటివే. అది విన్నాక నాకు ఎంత ఊరటో! అక్కతో, బావతో విడివిడిగా మాట్లాడారు. రిపోర్టు కోర్టుకి వెళ్లింది. వాయిదా వచ్చే నెల.