నేపథ్యం అంటే వెనక ఉండేదేనా?

గుంపులోని పెద్దలకు నమస్కారం. ఈరోజు పేపర్లో 'భారీ వర్షాల నేపథ్యంలో బడులకు సెలవు' అని చూశాను. ఈ వాడుక తప్పని మా తెలుగు మాస్టారు అనేవారు. నిజంగా తప్పేనా? అసలు నేపథ్యం అంటే ఏమిటి?

— పెద్దవాణ్ని కాను గానీ, 12 ఏళ్లు ఆ నేపథ్యంలోనే నిలబడ్డాను కాబట్టి చెబుతాను. పద్యనాటకాలకి తెర లాగాను. గద ఎవరి చేతికి ఎప్పుడు అందాలో చూసుకున్నాను. పద్యం మరిచిపోయినవాళ్లకి మొదటి మాట అందించాను. చిత్రమేమిటంటే, అక్కడ పనిచేసేవాళ్లెవరూ ఆ చోటుని నేపథ్యం అనరు. 'వెనక' అని కూడా అనరు. 'లోపల' అంటారు. "కృష్ణుడు లోపలే ఉన్నాడండీ, కిరీటం దొరకట్లేదు!"

ఇక మాట సంగతి. సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశంలో 'ఆకల్పవేషౌ నేపథ్యం ప్రతికర్మ ప్రసాధనమ్' అని ఉంది. అన్నీ అలంకరణకి, వేషానికి సంబంధించిన మాటలే. వేషధారణతో చేసే ఆహార్యాభినయాన్ని నాట్యశాస్త్రం 'నేపథ్యజో విధిః' అంటుంది. ఆ వేషం కట్టుకునే గది నేపథ్యగృహం. ఆ శాస్త్రం రాసిన భరతుడు చెప్పిన 64 హస్తాల (మూరల) పొడవు నాట్యశాలలో దానికి వెనక 16 హస్తాలు కేటాయించాడు. నేను చూసిన గ్రీన్ రూముల్లో ఒక ట్యూబ్‌లైటు, పగిలిన అద్దం, పదిమంది కౌరవులు. ఆ లెక్కన భరతుడు చాలా ఉదారుడు.

కాళిదాసు శాకుంతలం ప్రస్తావనలో, అంటే నాటకం మొదట్లోనే, సూత్రధారుడు నేపథ్యం వైపు చూసి నటిని పిలుస్తాడు: 'ఆర్యే, యది నేపథ్యవిధానమవసితమ్, ఇతస్తావదాగమ్యతామ్.' అంటే, వేషం వేసుకోవడం అయిపోతే ఇటు రా అని. చూసిన చోటూ నేపథ్యమే, అక్కడ జరుగుతున్న పనీ నేపథ్యమే.

అదే నాటకం నాలుగో అంకంలో దుర్వాసుడు స్టేజీ మీదికి రానే రాడు. 'అయమహం భోః' అని గొంతు మాత్రం నేపథ్యంలోంచి వినిపిస్తుంది. దుష్యంతుడి ధ్యాసలో ఉన్న శకుంతలకి అది చెవికెక్కదు. శాపం పడిపోతుంది, పూలు కోస్తున్న చెలికత్తెలు వింటారు. మా కాలేజీలో ఈ ఘట్టం తెలుగులో వేసినప్పుడు, వేషం అక్కర్లేని పాత్ర కదా అని నాకు అంటగట్టారు. తెర తాడు కుడి వింగులో, అంటే స్టేజీకి కుడి పక్క చాటున, ఉంది కాబట్టి నేనూ అక్కడే నిలబడి "ఇదిగో, నేను వచ్చాను!" అని అరిచాను. రిహార్సల్లో ఎడమ వైపు నుంచి అరిచేవాణ్ని. అలవాటు కొద్దీ చెలికత్తెలిద్దరూ ఎడమ వైపు తిరిగి దండం పెట్టారు. హాలంతా నవ్వు. ఆ రోజు శాపం ఎవరికీ తగల్లేదు. తర్వాత మా డైరెక్టరు నన్ను తిట్టలేదు. "నువ్వు కనపడవురా, అందుకే నువ్వెక్కడున్నావో వాళ్లకి ముందే తెలియాలి" అన్నాడు. మర్నాటి నుంచి నేను నిలబడే చోట సుద్దముక్కతో గీత గీసేవాణ్ని.

కాబట్టి 'నేపథ్య గాయని' చక్కని మాట. గొంతు లోపల, బొమ్మ బయట. 'రైతు కుటుంబ నేపథ్యం' కూడా నాకు ఇబ్బంది అనిపించదు. 'వర్షాల నేపథ్యంలో' అంటేనే నవ్వొస్తుంది. వర్షం లోపలెక్కడుంది? స్టేజీ మీదే కుండపోతగా ఆడుతుంటే! వర్షాల వల్ల సెలవు అంటే సరిపోయేది.

— అన్నా, మాటల అర్థాలు మారతాయి కదా? 'పాత్ర' గిన్నె నుంచి వేషానికి, అక్కణ్ణుంచి 'అభివృద్ధిలో బ్యాంకుల పాత్ర' దాకా వచ్చింది. దానికి లేని అభ్యంతరం దీనికెందుకు?

— మారతాయి తమ్ముడూ, పాత్ర విషయంలో నీ మాటే రైటు. అర్థం మారిందని కాదు నా బాధ. ఈ మాట వేస్తే ఏం చెప్పాలో తేల్చుకునే శ్రమ తప్పిపోతోంది. 'ఎన్నికల నేపథ్యంలో బదిలీలు' అంటే ఎన్నికలు వస్తున్నాయనా, అయిపోయాయనా, కోడ్ ఉందనా? లోపల ఎవడైనా "భీముడి ప్రవేశం నేపథ్యంలో గద సిద్ధం చేయండి" అంటే ఆ గద స్టేజీ మీదికి చేరదు. "మూడో పద్యం ముందు, కుడి వింగులో, ఎడమ చేతికి ఇవ్వు" అనాలి. ఆ టెన్షన్లో గుండ్రంగా మాట్లాడితే కుదరదు. మీ మాస్టారు తప్పు అన్నారు. నేను బద్ధకం అంటాను.

— మంచి చర్చ. కానీ వీధి భాగవతాల్లో నేపథ్యం ఎక్కడండీ? ఇద్దరు మనుషులు తెర పట్టుకుని అందరి ఎదుటే నిలబడేవారు కదా. భామాకలాపంలో సత్యభామ జడ ఆ తెర మీదుగానే ఇవతలికి వేసేది.

— అమ్మా, నాకు తట్టనే లేదు. అక్కడ నేపథ్యమంతా ఒక గుడ్డ వెడల్పే. అవతల సత్యభామ, ఇవతల జడ. తెర పట్టినవాళ్లు మాత్రం లోపలా కాదు, బయటా కాదు. చేతులు పీకుతున్నా కదలకుండా నిలబడేవాళ్లు. వాళ్లకి మీ వైపు ఏదైనా పేరుందా? మా ఊళ్లో మాత్రం "ఒరేయ్, తెర పట్టు" అనడమే.