అప్‌డేట్: టెక్సాస్ డాక్టర్ కాంట్రాక్టులో నాన్ కంపీట్ విషయం తేలింది

క్లినిక్ మానేస్తే 2 ఏళ్ళపాటు 15 మైళ్ళ లోపల ప్రాక్టీస్ చేయకూడదని, కాదంటే రెండేళ్ళ జీతం కట్టి (బయౌట్) బయటపడాలని ఉన్న నాన్ కంపీట్ షరతు చెల్లుతుందా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

"ముందు సంతకం తేదీ చూడండి" అన్న సలహాయే పనికొచ్చింది. 2025 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ కుదిరిన, లేదా రెన్యూ అయిన ఒప్పందాలకు టెక్సాస్ కొత్త చట్టం సెనేట్ బిల్ 1318 వర్తిస్తుంది. మొదటి కాంట్రాక్టు 2023 నాటిదైనా, రెన్యువల్ కాగితం మీద తేదీ 2025 అక్టోబర్. లాయర్ పట్టుకున్నది అదే.

ఆ చట్టం ప్రకారం గడువు ఏడాది దాటకూడదు. దూరం 5 మైళ్ళే, అదీ డాక్టరు ప్రధానంగా పనిచేసిన చోటు నుంచి. గ్రూపుకున్న ప్రతి బ్రాంచి నుంచీ కొలవడం కుదరదు. బయౌట్ మొత్తం, మానేసే నాటి ఏడాది జీతభత్యాలను మించకూడదు. షరతులు స్పష్టంగా రాసి ఉండాలి. సరైన కారణం లేకుండా క్లినిక్ వాళ్ళే డాక్టరును తీసేస్తే నాన్ కంపీట్ మొత్తం చెల్లదు. అందుకే రాజీనామా లేఖ ఇచ్చేముందే లాయరుకు చూపించండి, ఎవరు ముగించారన్నది అంత ముఖ్యం.

గత ఏడాదిలో చూసిన పేషెంట్ల జాబితాను మానేసే డాక్టరుకు క్లినిక్ ఇవ్వాలన్న పాత నియమం అలాగే ఉంది.

నాన్ కంపీట్‌లపై ఎఫ్‌టీసీ (అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్) తెచ్చిన నిషేధం గురించిన చర్చ ఇక్కడ అక్కరకు రాలేదు. ఆ రూల్‌ను డల్లాస్ ఫెడరల్ కోర్టు 2024 ఆగస్టులోనే కొట్టేసింది.

లాయర్ లేఖ అందాక క్లినిక్ వాళ్ళు 5 మైళ్ళు, ఏడాది అని సవరణ రాసిచ్చారు. కొత్త ఉద్యోగం 9 మైళ్ళ దూరంలో, బయౌట్ కట్టనక్కర్లేదు.