ఓఈటీ స్పీకింగ్: "ఎక్కడ నొప్పి?" అని ఇంగ్లీషులో ఎలా అడగాలి?

పల్నాడు_పిల్ల: వచ్చే నెల ఓఈటీ, అదే నర్సులూ డాక్టర్లూ రాసే ఇంగ్లీషు పరీక్ష. యూకే వెళ్ళాలని. "వేర్ ఈజ్ ఇట్ పెయినింగ్?" అంటే మా కోచింగ్ సార్ మొహం చిట్లించారు. నొప్పి, వాంతుల గురించి అక్కడివాళ్ళు ఎలా అడుగుతారు? స్పీకింగ్‌లో రోగి సంగతి రాసి ఇచ్చే కార్డు చూసుకోవడానికి ఉండే 3 నిమిషాల్లో ఏం రాసుకోవాలి?

లీడ్స్_నైట్‌డ్యూటీ: "వేర్ డజ్ ఇట్ హర్ట్?" అంతే చెల్లీ. "కెన్ యూ షో మీ?" అంటే వాళ్ళే వేలు పెట్టి చూపిస్తారు. ముందు ఆ "వాట్ ఈజ్ యువర్ ప్రాబ్లమ్?" మానెయ్. ఇక్కడ అది గొడవకి దిగేవాడి మాట. కొత్తగా వచ్చిన మన అమ్మాయి ఒక ముసలాయన్ని అలా అడిగితే, ఆయన మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "వాట్స్ బ్రాట్ యూ ఇన్ టుడే?" అను.

ఇంగ్లీష్_మాస్టారు: "పెయిన్" క్రియ కూడా. నిఘంటువు తెరిచి చూసుకోండి. ఇన్ని కోట్లమంది మాట్లాడేది తప్పెలా అవుతుంది? ఎన్ని బ్యాచ్‌లకో గ్రామర్ చెప్పినవాణ్ణి.

లీడ్స్_నైట్‌డ్యూటీ: నిఘంటువు వచ్చి వార్డులో డ్యూటీ చెయ్యదు మాస్టారూ.

ఇంగ్లీష్_మాస్టారు: తెల్లవాడి మెప్పు కోసం మన ఇంగ్లీషు వదిలేసుకోవాలా?

లీడ్స్_నైట్‌డ్యూటీ: మెప్పెవడికి కావాలండీ, రోగికి అర్థమైతే చాలు! మీరెప్పుడైనా అర్ధరాత్రి ఛాతీనొప్పి కేసు చూశారా?

డల్లాస్_అల్లుడు: మీ గొడవ సరే. మా అత్తగారిని సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత అంటే "ఏదో, రెండు" అన్నారు. చీర కొంగు నోట్లో కుక్కుకుని మరీ! తీరా స్కానింగ్‌లో పిత్తాశయం నిండా రాళ్ళు. మనవాళ్ళని అంకెలు అడగకూడదు, "నిద్ర పట్టిందా, అన్నం తిన్నారా" అని అడగాలి.

హైదరాబాద్_ఎంబీబీఎస్: సోక్రటీస్ గుర్తుపెట్టుకోండి, తత్వవేత్త కాదు, నొప్పి గురించి అడగాల్సినవాటి మొదటి అక్షరాలు కలిపిన మాట. సైట్ (ఎక్కడ), ఆన్‌సెట్ (ఎప్పుడు మొదలైంది), క్యారెక్టర్ (ఎలాంటి నొప్పి), రేడియేషన్ (ఎటు పాకుతోంది)... ఆ అక్షరాలే కార్డు మీద రాసుకోండి. పోటా, సలుపా, మంటా అన్నది "కెన్ యూ డిస్క్రైబ్ ద పెయిన్?" అంటే వస్తుంది. "డజ్ ఇట్ స్ప్రెడ్ ఎనీవేర్?" మర్చిపోవద్దు.

న్యూజెర్సీ_కోడలు: అల్లుడుగారూ, దుబాసీని అడగలేదా? అమెరికాలో ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆస్పత్రులు ఉచితంగా ఇవ్వాలి. 2010 ఆరోగ్య చట్టం, సెక్షన్ 1557.

డల్లాస్_అల్లుడు: ఫోన్లో ఇచ్చారండీ. ఆయనకి "గుంజుతోంది" అంటే తెలియలేదు. మాది నిజామాబాద్.

పల్నాడు_పిల్ల: వాంతుల సంగతి ఎవరూ చెప్పలేదు 🙁

లీడ్స్_నైట్‌డ్యూటీ: "హావ్ యూ బీన్ సిక్?" బ్రిటన్‌లో సిక్ అంటే వాంతే. విరేచనాలకి "లూజ్ మోషన్స్" అనకు, "డయేరియా" అను.

ఇంగ్లీష్_మాస్టారు: సిక్ అంటే జబ్బు.

డల్లాస్_అల్లుడు: రాళ్ళకి కొండపిండాకు పనిచేస్తుందా?

లీడ్స్_నైట్‌డ్యూటీ: అది వేరే చర్చ పెట్టి అడగండి బాబూ. చెల్లీ, యూకే నర్సింగ్‌కి రైటింగ్‌లో సి ప్లస్ వచ్చినా తీసుకుంటారు, మిగతా మూడింట్లో (లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్) బి తెచ్చుకో.