జనాభా లెక్కలవాళ్లు మతం అడిగితే అమ్మ ఏమని చెప్పాలి?

మాది గుంటూరు జిల్లా. తాతల కాలం నుంచి లూథరన్ చర్చి. సర్టిఫికెట్‌లో మాత్రం హిందూ మాల. అమ్మది గవర్నమెంటు ఉద్యోగం. వారమంతా స్టిక్కర్ బొట్టుతోనే ఆఫీసుకు వెళ్తుంది. ఆదివారం పొద్దున దాన్ని తీసి బాత్రూం అద్దానికి అంటిస్తుంది, సోమవారం మళ్లీ అదే పెట్టుకుంటుంది. జిగురు పోయినవి అద్దం మూలన వరసగా ఉండిపోతాయి. చిన్నప్పుడు వాటిని లెక్కపెట్టేవాణ్ని.

2027 ఫిబ్రవరిలో లెక్కలకు వస్తారు కదా. "క్రిస్టియన్ అనే చెప్పు" అన్నాను. "నా ఉద్యోగం, చెల్లి సీటు నువ్విస్తావా?" అంది. హిందూ అని చెప్పి ఆ రాత్రి ప్రార్థనకు ఎలా కూర్చుంటుందో అని నా టెన్షన్. ఆ ఫారం చూసి సర్టిఫికెట్ రద్దు చేస్తారా?

జవాబు 1
రిటైర్డ్ టీచర్ని, 2011 లెక్కలకు ఇల్లిల్లూ తిరిగాను. ఎదుటివాళ్లు ఏ మతం చెబితే అదే రాయాలి, రుజువు అడగకూడదు. గోడ మీద సిలువ కనిపిస్తున్నా హిందూ అంటే హిందువే. మెలిక ఇంకోచోట ఉంది. క్రిస్టియన్ అని రాశాక ఎస్సీ అని రాయడానికి లేదు, హిందూ, సిక్కు, బౌద్ధులకే అది. ఎస్టీలకు ఆ అడ్డు లేదు. మీ భయానికి జవాబు 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్‌లో ఉంది. ఆ ఫారాలు బయటివాళ్లకు చూపరు, సర్టిఫికెట్ కేసులో సాక్ష్యంగా చెల్లవు.

ఒక ముసలమ్మ "ఏది రాస్తే మంచిది బాబూ?" అని నన్నే అడిగింది. పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నా.

జవాబు 2
చిక్కంతా ఎస్సీలు ఎవరో తేల్చే 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతోనే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, మనల్ని వదిలేశారు. 2023లో ఏపీ అసెంబ్లీ మనల్నీ చేర్చాలని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. 2025లో హైకోర్టేమో ఒక పాస్టర్‌కి అట్రాసిటీ చట్టం వర్తించదు పొమ్మంది. మా నాన్న నిజాయితీగా బీసీ-సీ (క్రైస్తవంలోకి మారిన ఎస్సీల కోటా) తీసుకున్నాడు, ఉన్నది ఒక్క శాతం రిజర్వేషన్. ఊళ్లో మమ్మల్ని పిలిచే పిలుపు మాత్రం మారలేదు.

జవాబు 3
ఆదివారం ఒక మతం, సోమవారం ఇంకో మతం. దీన్ని మోసం అంటారు బ్రదర్.

అడిగినవారు
మోసమే అనుకోండి. తాతకు బాప్తిస్మం ఇచ్చిన రోజున మా పేటను ఎవరూ ఊళ్లో కలపలేదు. ఆ లెక్క కూడా తేల్చండి మరి.

మాస్టారూ, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. 15వ సెక్షన్ రెండుసార్లు చదివించుకుంది. ఏం చెబుతుందో మాత్రం చెప్పలేదు. "వాళ్లొచ్చేది ఆదివారం అయితే బాగుండు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.