అప్‌డేట్: గాంబియా వెళ్లొచ్చాను

నవంబర్‌లో పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా వెళ్తున్నానని, టీకా, డబ్బు, శాకాహారం సంగతులు చెప్పమని అడిగాను కదా. క్షేమంగా తిరిగొచ్చాను. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

ముందు ఎల్లో ఫీవర్ టీకా. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకున్నాను. వేసుకున్న 10 రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు, అందుకే చివరి వారం దాకా ఆగొద్దు. అది లేకుండా అక్కణ్ణుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌కి పంపే అవకాశం ఉంది. మలేరియా మాత్రలు డాక్టర్‌ని అడిగి తీసుకున్నాను. ఇంటికొచ్చాక కూడా కోర్సు పూర్తి చేయాలి, మానేయకండి.

డబ్బు దగ్గరే కాస్త టెన్షన్ పడ్డాను. రెండు ఏటీఎంలలో నా కార్డు పనిచేయలేదు. "నగదు ఉంచుకో" అని మీలో ఒకరు అన్న మాట విని డాలర్లు తీసుకెళ్లాను కాబట్టి సరిపోయింది, వాటిని అక్కడి కరెన్సీ దలాసీలుగా మార్చుకున్నాను.

తిండి గురించి భయపడక్కర్లేదు. దొమోదా అని వేరుశనగ ముద్దతో చేసే పులుసు ఉంటుంది, అన్నంలో పోసి ఇస్తారు. మామూలుగా మాంసం వేస్తారు. ముందే చెబితే గుమ్మడికాయ, వంకాయ ముక్కలతో వండి పెట్టారు. మొదటి ముద్దకే ఇంట్లో పల్లీల కూర గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

రాజధాని బంజుల్ నుంచి నదికి అవతలి ఒడ్డున ఉన్న బర్రా వెళ్లే ఫెర్రీకి మాత్రం పొద్దున్నే వెళ్లండి. మేకలు, బియ్యం బస్తాలు, లారీలు, మనుషులు అందరూ ఒకే పడవలో ఎక్కుతారు. ఎవరితో మాట్లాడినా ముందు "సలామ్ అలైకుమ్" అని పలకరించి, ఆ తర్వాతే దారి అడగండి.